ఆది చొక్కా

నంద్యాల పాత బస్టాండు వెనక సందులో ‘రాజు టైలర్స్’ అని ఒక దుకాణం ఉండేది. దాని యజమాని సుందరరాజు. బోర్డు రాసే మనిషి పూర్తి పేరు రాయమంటావా అని అడిగితే, రాజు అంటే చాల్లే అన్నాడట. నిజంగానే చాలింది. సందులో సగంమంది ఆయన్ను కోస్తా నుంచి వచ్చిన రాజులనుకున్నారు, మిగిలిన సగం మరేదో అనుకున్నారు. ఆయన ఎవరితోనూ అవుననలేదు, కాదనలేదు. మెడలో టేపు, పెదాల మధ్య గుండుసూదులు పెట్టుకుని పనిచేసే మనిషిని మీరేమిట్లు, అంటే ఏ కులమని అడిగి జవాబు రాబట్టడం అంత సులువు కాదు.

యేసుప్రభువు క్యాలెండరు ఇంట్లో ఉండేది, దుకాణంలో కాదు. దుకాణంలో ప్యాంటు గుడ్డల కంపెనీవాళ్లు ఇచ్చింది వేలాడేది. ఇందులో దాపరికం ఏమీ లేదని సుందరరాజు తనకు తాను సర్దిచెప్పుకునేవాడు. లేనిదానికి సర్దిచెప్పుకోవడం ఎందుకని సారమ్మ నవ్వేది. సారమ్మ ఆయన భార్య, నంద్యాల క్రైస్తవ మిషన్ కాంపౌండులో పుట్టి పెరిగిన మనిషి. ఆయన కత్తిరించి కుడితే ఆమె కాజాలు తీసి గుండీలు వేసేది. పిల్లలు లేరు. ఆ దిగులు ఒకప్పుడు ఉండేది, తర్వాత అదీ పనిలో కలిసిపోయింది.

సుందరరాజు సొంత ఊరు, ఆళ్లగడ్డ దాటాక కాలువ గట్టు వెంట నడిచిపోతే వచ్చే పల్లె. ఊరికి ఎడంగా గేరి, అంటే ఆయనవాళ్లు ఉండే వీధి. గేరి చివర చిన్న చర్చి. ఆ చర్చి నేలకు నాపరాళ్లు పరిచినవాడు ఆయన నాయన శాంతయ్య. శాంతయ్య రాళ్ల బండి తోలేవాడు. చిన్నకొడుకు ఇల్లు కట్టుకుంటాడని, బండిలో చోటు మిగిలినప్పుడల్లా ఒకటో రెండో రాళ్లు వేసుకొచ్చి గుడిసె వెనక పేర్చేవాడు. ఆయన పోయేనాటికి అది నడుమెత్తు గుట్ట అయింది. ఇల్లు మాత్రం లేవలేదు.

లేవకపోవడానికి కారణం ఒక చొక్కా.

మిషన్‌వాళ్ల దగ్గర కుట్టుపని నేర్చుకుని, వాళ్లిప్పించిన పాత కుట్టుమిషనుతో సుందరరాజు ఊరికి తిరిగొచ్చినప్పుడు ఆయనకు ఇరవై నిండలేదు. అప్పటిదాకా ఊళ్లో దర్జీ లేడు. చొక్కా కుట్టించుకోవాలంటే ఆళ్లగడ్డకు పోవాలి. కాబట్టి పెద్ద ఇళ్లవాళ్లకు కూడా ఆయన అవసరం పడింది. అవసరంతోపాటు ఒక చిక్కూ వచ్చిపడింది. కొలతలు తియ్యాలంటే ఒంటి మీద చెయ్యి పడాలి. గేరి మనిషి చెయ్యి ఒంటి మీద ఎట్లా పడనిస్తారు? ఊరు దానికి దారి కనిపెట్టింది. కొలత కోసం పాత చొక్కా ఒకటి ఇస్తారు. దాన్ని ఆది అంటారు. ఆది ఇవ్వడం ఎక్కడైనా ఉన్నదే, ఆడవాళ్లు జాకెట్లకు ఎప్పుడూ ఇస్తారు. ఆ ఊళ్లో మాత్రం ముసలివాళ్లకైనా, చంటిపిల్లలకైనా ఆది తప్ప టేపు లేదు. అదీ చేతికి ఇవ్వరు. అరుగు మీద పడేస్తే ఈయన తీసుకోవాలి. కుట్టినవి మళ్లీ అరుగు మీదే పెట్టి పక్కకు జరిగితే, పసుపునీళ్లు చిలకరించి లోపలికి తీసుకుపోయేవాళ్లు. ఆ నీళ్లతో ఏం పోయేదో గానీ కుట్లు మాత్రం గట్టిగానే ఉండేవి.

అరవై తొమ్మిదిలో దసరాకు, ఊరి పెద్దరైతు రంగయ్య తన కొడుక్కి చొక్కా కుట్టమని గుడ్డా ఆదీ పంపించాడు. కొడుకు పేరు వెంకటేశ్వర్లు, పన్నెండేళ్లవాడు. ఆ వయసు పిల్లలు ఎట్లా సాగుతారో తెలిసిందే. ఆది చూస్తే ఏడాది కిందటిది. సుందరరాజు అనుమానపడి, పిల్లవాణ్ణి దూరం నుంచైనా ఒకసారి చూపించమని అడిగించాడు. చూసి ఏం చేస్తాడు, ఆది ఇచ్చినాం గదా అని జవాబొచ్చింది. పండగనాడు గుండీలు పడలేదు, చంకలో బట్ట పిగిలింది. రంగయ్య సుందరరాజును పిలిపించి ఇంటిముందు ఎండలో నిలబెట్టాడు. కొలవనివ్వనిది వాళ్లు, కొలత తప్పింది ఈయన. చివరికి శాంతయ్య పరుగెత్తుకొచ్చి మట్టిలో సాగిలపడి, పిల్లోడు తెలీక చేసినాడయ్యా అని వేడుకుంటే వదిలారు. తెలియక చేసిందేమీ లేదని సుందరరాజు చెప్పాలనుకున్నాడు. మట్టంటిన నాయన నుదురు చూశాక నోరు రాలేదు. ఆ యేటి జొన్న కోతలు కాకముందే మిషను బండికెక్కించుకుని నంద్యాల చేరాడు.

నంద్యాల ఆయన్ను నెత్తిన పెట్టుకుందని కాదు. సారమ్మతో పెళ్లయ్యాక అద్దె ఇంటికోసం పోతే, ఇంటివాళ్లు పేరు అడిగి, ఊరు అడిగి, ఊళ్లో మీరుండేది ఎటువైపని అడిగి, ఆనక మా తమ్ముడు కాపురానికి వస్తాడంట అనేవాళ్లు. నంద్యాలలో అంతమంది తమ్ముళ్లున్నారని ఆయనకు అప్పుడే తెలిసింది. తిరిగి తిరిగి చివరికి సారమ్మవాళ్ల కాంపౌండు పక్కనే కుదురుకున్నారు. అయితే దుకాణంలో మాత్రం ఒక సుఖం ఉంది. వచ్చినవాడు వచ్చినట్టు చేతులు చాపి నిలబడేవాడు. శెట్లు, వకీళ్లు, అయ్యవార్లు, అందరి మెడల చుట్టూ ఆయన టేపు పడింది. మొదటి ఏడాది ఒక్కొక్క మెడ మీద టేపు వేసేటప్పుడు చెయ్యి ఒకసారి వెనక్కి పోయేది. తర్వాత ఆ జంకు పోయింది. చేతికి పాత భయం పోయిందని ఆయన గమనించను కూడా లేదు.

డెబ్బై ఐదులో ఒక పొద్దున, బెల్‌బాటం ప్యాంటు కుట్టించుకోవడానికి పొడుగాటి కుర్రవాడొకడు వచ్చాడు. ఇక్కడి కాలేజీలో చేరాడట. తల పైకెత్తి చూసేసరికి సుందరరాజు నోట్లో గుండుసూది కదిలింది. వాడు వెంకటేశ్వర్లు.

కుర్రవాడు తడబడకుండా లోపలికొచ్చి, మన ఊరాయన దుకాణమని చెప్పినారన్నా అన్నాడు. చేతులు చాపి నిలబడ్డాడు. సుందరరాజు కొలిచాడు. ఎదుటి హోటలు నుంచి టీ తెప్పిస్తే ఇద్దరూ ఒకే రకం గ్లాసుల్లో తాగారు. పోయేముందు వెంకటేశ్వర్లు గడప దగ్గర ఆగి, ఆ దసరానాడు తాను కిటికీలోంచి అంతా చూశానని, చొక్కా పట్టదని తనకు ముందే తెలిసినా చెప్పలేదని అన్నాడు. ఆ ఒక్క మాటకు సుందరరాజు కరిగిపోయాడు. కరిగిపోవడానికి ఆయన ఎన్నేళ్లుగా ఎదురుచూస్తున్నాడో పాపం. ఆ తర్వాత వెంకటేశ్వర్లు చదువున్నన్నాళ్లూ చొక్కాలన్నీ అక్కడే కుట్టించాడు, స్నేహితుల్ని వెంటబెట్టుకొచ్చాడు, సుందరన్నా సుందరన్నా అని తిరిగాడు. చదువయ్యాక ఊరికి పోయి సేద్యం చూసుకుంటూ కూడా, నంద్యాల వచ్చినప్పుడల్లా దుకాణంలో కూర్చుని పోయేవాడు.

ఈలోగా ఎనభైలు వచ్చాయి. సందులోకి రెడీమేడ్ దుకాణాలొచ్చాయి. సుందరరాజుకు సూదిలో దారం ఎక్కించడానికి వెలుతురు చాలడం లేదు. దుకాణాల వరసంతా పడగొట్టి మిద్దెలు కడతామని గదుల సొంతదారు చెప్పి పోయాడు. మళ్లీ ఇంకో సందు, ఇంకో గది, మళ్లీ పేరేంది, ఊరేంది. ఆయనకు ఓపిక అయిపోయింది. ఊరి మీదికి మనసు గుంజసాగింది. ఆళ్లగడ్డలో బస్సు దిగి కాలువ గట్టెక్కితే ఎదురొచ్చే నల్లరేగడి వాసన, దూరాన నల్లమల నీలం, అన్న జకరయ్య ఇంట్లో వేడి జొన్నరొట్టె, చర్చి పక్కన అమ్మానాయనల సమాధులు, గుడిసె వెనక రాళ్ల గుట్ట. ఆ రాళ్లతో రెండు గదులు లేపుకుని, పెద్ద పని లేకపోయినా గేరి పిల్లలకు లాగులు కుట్టుకుంటూ బతకొచ్చు. అంతలోనే అరుగు మీద పడేసిన చొక్కాలు గుర్తొచ్చేవి. రాత్రి పోదామనుకున్నది పొద్దున వద్దనుకునేవాడు. పొద్దున వద్దనుకున్నది సాయంత్రానికి మళ్లీ పోదామనిపించేది. ఇట్లా రెండేళ్లు గడిచాయి.

ఎనభై మూడు వేసవిలో వెంకటేశ్వర్లు తన పెళ్లి కబురుతో వచ్చాడు. పెళ్లి బట్టలు సుందరన్నే కుట్టాలన్నాడు. ఇంట్లో పెళ్లికి దర్జీని ఇంటికే పిలిపించి, అక్కడే మిషను వేయించి అందరి బట్టలూ కుట్టించడం పెద్ద ఇళ్లలో ఆనవాయితీ. దానికన్నా పెద్ద మాట ఇంకొకటి చెప్పాడు. ఊళ్లో బస్సు ఆగేచోట తాను గదులు కట్టిస్తున్నాడు. ఒక గది సుందరన్నకే. వచ్చి దుకాణం పెట్టుకో అన్నాడు.

“కాలం మారిపాయె గదన్నా. ఇంగా ఈడ ఎన్నాళ్లుంటావు, సొంతూరు పెట్టుకోని?”

సుందరరాజు ఆ మాటను ఇంటికి మోసుకొచ్చి సారమ్మ ముందు పెట్టాడు. సారమ్మ సంబరపడలేదు. వెంకటేశ్వర్లు మంచోడే, ఆయనొక్కడే ఊరు కాదు గదా అంది. ఈడ మనల్ని ఎవరూ పిలవరు, ఎవరూ ఎండలో నిలబెట్టరు అంది. అయినా, పెళ్లి పనికి పోయి నాలుగు రోజులు ఉండి చూసిరా, ఉండగలవో లేదో నీకే తెలుస్తుంది అని ఆమే దారి చూపింది. ఆయన మిషను తల విప్పి గోనెసంచిలో చుట్టి ఆళ్లగడ్డ బస్సెక్కాడు. శిరివెళ్ల దాటేసరికి గది ముందు ఏ బోర్డు పెట్టాలో ఆలోచించడం మొదలుపెట్టాడు. ఈసారి పూర్తి పేరే రాయించాలనుకున్నాడు.

రంగయ్య ఇంట్లో మిషను వేయించింది బండ్ల కొట్టంలో. సుందరరాజు దాన్ని పట్టించుకోదలచుకోలేదు. గాలి బాగా వస్తుందిలే అనుకున్నాడు. అన్నం విస్తరిలో పంపించారు, తిన్న విస్తరి ఆయన్నే దూరంగా పారెయ్యమన్నారు. విస్తరి ఎవరైనా పారెయ్యాల్సిందే గదా అనుకున్నాడు. అనుకోవాలంటే దేనికైనా ఒక సర్దుబాటు దొరుకుతుంది. రెండో పొద్దున జీతగాడు ఒక మూట తెచ్చి కొట్టం గడపలో పడేసి పోయాడు. ఇంట్లో మగవాళ్లందరి ఆదులూ అందులో ఉన్నాయి. అన్నిటికన్నా పైన వెంకటేశ్వర్లుది, నీలిగీతల చొక్కా.

కాలరు తిప్పి చూస్తే లోపల చిన్న గుడ్డముక్క కుట్టి ఉంది. దాని మీద ‘రాజు టైలర్స్, నంద్యాల’ అని ఉంది. తానే కుట్టింది. తాను మెడకు టేపు వేసి, భుజాలు పట్టుకుని, ఊపిరి పీల్చమని చెప్పి కొలిచి కుట్టింది. చెయ్యి తగలకూడదని పంపించిన ఆది, తన చెయ్యి తగిలి పుట్టిందే. సుందరరాజుకు నవ్వొచ్చింది. నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

ఆ మర్నాడు జరిగింది అసలు సంగతి. వాకిట్లో చుట్టాలు చేరారు. పొద్దున్నే వెంకటేశ్వర్లుకు నలుగు పెట్టి పెళ్లికొడుకును చేశారు. తలంటుకుని, బుగ్గన చుక్కతో అతను ఊసుపోక కొట్టం వైపు వచ్చి, పని ఎంతవరకొచ్చిందని అడిగాడు. సుందరరాజు తలెత్తి చూశాడు. ఆ నీలిగీతల చొక్కా కుట్టి మూడేళ్లయింది. ఊరి నెయ్యికి మనిషి ఒళ్లు చేశాడు. ఛాతీ, పొట్ట ఆ కొలతలో పట్టవు. దసరా చొక్కా ఆయన కళ్లముందు మెదిలింది. మళ్లీ అదే తప్పు, అదే ఇంట్లో, అదే మనిషికి జరగబోతోందన్న కంగారు తప్ప ఆ క్షణాన ఇంకేమీ లేదు. చెయ్యి తనంతట తాను లేచింది. పదమూడేళ్లుగా నంద్యాలలో ఎట్లా లేచిందో అట్లాగే లేచి, మెడలోని టేపు తీసి పెళ్లికొడుకు మెడ చుట్టూ వేసింది.

వాకిట్లో చుట్టాలు తలలు తిప్పి చూశారు. వెంకటేశ్వర్లు ఒక క్షణం అట్లాగే నిలబడ్డాడు, నంద్యాలలో నిలబడినట్టే. అతని చేతులు కొంచెం లేచాయి కూడా. తర్వాత వెనక తన నాయన ఉన్నాడని గుర్తొచ్చింది. టేపు కిందనుంచి తల తప్పించుకుని ఒక అడుగు వెనక్కు వేశాడు. నేలవైపు చూస్తూ అన్నాడు.

“ఆది ఇచ్చినాం గదా, సుందరరాజూ.”

అన్న అనే పిలుపు అందులో లేదు. రంగయ్య ముసలివాడయ్యాడు, ఎండలో నిలబెట్టే ఓపిక ఆయనకూ పోయింది. మంచం మీదనుంచి లేవకుండానే, నంద్యాల అలవాటు లేప్పా అని చుట్టాలకు సర్దిచెప్పి, కొడుకును మళ్లీ నీళ్లు పోసుకొమ్మన్నాడు. అంతే. ఎవరూ తిట్టలేదు, కొట్టలేదు. పెరట్లో కాగు కింద మళ్లీ మంట పెట్టారు. చెంబు చెంబు నీళ్లు పెళ్లికొడుకు ఒంటి మీద పడుతున్న చప్పుడు బండ్ల కొట్టంలోకి వినిపిస్తూనే ఉంది. తిట్టినా బాగుండేదనిపించింది సుందరరాజుకు. తిడితే కోపం వచ్చేది. ఆ నీళ్ల చప్పుడుకు కోపం రాలేదు, ఒళ్లంతా నీరసం వచ్చింది.

మిషను విప్పుకుని పోదామని లేచాడు. జకరయ్య వచ్చి అడ్డుపడ్డాడు. జకరయ్య రంగయ్య భూమినే కోరుకు, పంటలో వాటా ఇచ్చే లెక్కన, చేస్తున్నాడు. నువ్వు పోతావు తమ్ముడా, ఈడ ఉండేది నేను గదా అన్నాడు. నాయన మాట్లాడినట్టే ఉంది ఆ గొంతు. సుందరరాజు కూర్చున్నాడు. బట్టలన్నీ కుట్టాడు. వెంకటేశ్వర్లు చొక్కాకు మాత్రం ఆది పక్కన పెట్టి, కళ్లతో చూసిన అంచనాకు రెండు వేళ్లు వదులు కలిపి కుట్టాడు. సరిగ్గా సరిపోయిందని తర్వాత జకరయ్య చెప్పాడు. సరిపోయినందుకు ఎవరూ ఏమీ అనలేదట.

మూడు నెలల తర్వాత వెంకటేశ్వర్లు, ఇంకా పడగొట్టని ఆ నంద్యాల దుకాణానికొచ్చాడు. చేతిలో గోధుమరంగు గుడ్డ ఉంది. పెళ్లి సంగతులు చెప్పాడు. బస్సు ఆగేచోట గది తయారైందని, సున్నం కూడా వేయించానని, ఎప్పుడొస్తావన్నా అని అడిగాడు. బండ్ల కొట్టం సంగతి ఎత్తలేదు. మాట్లాడుతూనే సఫారీ కుట్టాలన్నా అని గుడ్డ బల్ల మీద పెట్టి, ఎప్పటిలాగే చేతులు రెండూ చాపి నిలబడ్డాడు.

సుందరరాజు టేపు తన మెడలోనే ఉంది. ఆయన దాన్ని తియ్యలేదు.

“ఆది తెచ్చినావాప్పా?”

వెంకటేశ్వర్లు ముందు నవ్వాడు. తర్వాత నవ్వు తగ్గించి, “ఇది నంద్యాల గదన్నా” అన్నాడు.

“ఊర్లు రెండైనా చెయ్యి ఒకటే గదప్పా.”

చాపిన చేతులు మెల్లగా కిందికి దిగాయి. మూల కూర్చున్న సారమ్మ కాజా మీదనుంచి తలెత్తలేదు. వెంకటేశ్వర్లు, నాయన ముందర నేనేం చెయ్యగలనన్నా, ఆయన కాలం అయిపోనీ, అన్నీ మారుస్తా అన్నాడు. అది అబద్ధమని సుందరరాజు అనుకోలేదు. ఈ అబ్బాయి మనసు మంచిదని ఆయనకు అప్పుడూ తెలుసు, ఇప్పుడూ తెలుసు. అదే ఆయన్ను మరీ అలసిపోయేట్టు చేసింది. తాను తలెత్తుకుని ఊళ్లో తిరగడానికి ఇంకొక ముసలివాడి చావుకోసం కాచుకుని కూర్చోవాలా? గది వేరేవాళ్లకు ఇచ్చుకోప్పా అని నిదానంగా చెప్పాడు. గుడ్డ మడిచి చేతికిచ్చాడు. చేతికే ఇచ్చాడు, బల్ల మీద పెట్టలేదు. వెంకటేశ్వర్లు దాన్ని తీసుకుని, చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు.

గెలిచినట్టు ఏమీ అనిపించలేదు సుందరరాజుకు. ఇన్నేళ్లుగా తెరిచే ఉంచుకున్న తలుపును తన చేత్తోనే మూసినట్టయింది. ఆ సాయంత్రం ఒక ప్యాంటు కత్తిరిస్తూ కాలు కొలత తప్పాడు.

క్రిస్మస్ ముందు జకరయ్య నంద్యాల వచ్చాడు. చర్చి ముందు వానకు బురదవుతోందని, పాస్టరుగారు రాళ్లకోసం వెతుకుతున్నారని మాటల్లో చెప్పాడు. సుందరరాజు మిషను తొక్కడం ఆపి, గుడిసె వెనక రాళ్లు ఇచ్చెయ్యన్నా అన్నాడు. జకరయ్య నమ్మలేనట్టు చూశాడు. అవి నాయన నీ ఇంటికని పెట్టినాడు గదరా అన్నాడు. చర్చి ముందర పరిస్తే అందరూ తొక్కుతారు, నాయన సంతోషపడతాడులే అన్నాడు సుందరరాజు.

“మరి నువ్వు ఊరికి రావా తమ్ముడా?”

“వస్తా. రెండు రాళ్లు మాత్రం పక్కన పెట్టు. అమ్మానాయనల పక్కన. నాకొకటి, సారమ్మకొకటి.”

సారమ్మ కాజా కుట్టడం ఆపి భర్తవైపు చూసింది. తనవాళ్లంతా నంద్యాల మట్టిలోనే ఉన్నారని, తనకు ఆ ఊరితో పనేమిటని అనబోయింది. ఆయన ముఖం చూసి ఊరుకుని, దారం కొరికి, ఇంకో గుండీ తీసుకుంది.